రేపటిని లెక్కించిన పాస్కల్

రానున్న నష్టమును ముందుగా తూచి చూచుట నేటి లోకమునకు పరిపాటి. ఓడకు, ఇంటికి, పంటకు, ప్రాణమునకు బీమా కలదు. పూర్వము ఓడలకు బీమా ఉండినను, దాని వెల వర్తకుల అనుభవమును, ఊహను బట్టి యేర్పడుచుండెడిది. తక్కిన భారమంతయు దైవముపైననే. రాబోవుదానిని గూడ గణితమునకు లోబరుపవచ్చునని చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్.

పాస్కల్ 1623 జూన్ 19వ తేదీన క్లెర్మాన్ పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి ఎటియెన్ 1631లో బిడ్డలతో పారిస్ చేరి, తానే గురువై కుమారునకు విద్య గరపెను. భాషలు వచ్చువరకు గణితము వలదని యెంచి ఆ గ్రంథములను దాచివైచెను. బాలుడు పండ్రెండవ యేట ఏకాంతమున గీతలు గీచుకొనుచు రేఖాగణిత సూత్రములను తనంతట తానే కనుగొనసాగెను. అది చూచి తండ్రి ఆనందబాష్పములు రాల్చెను. అటుపిమ్మట గణితమునకు అడ్డు లేకపోయెను. తండ్రి రువాన్ నగరమున పన్నుల లెక్కలతో సతమతమగుట చూచి, పాస్కల్ 1642లో కూడికల యంత్రమును నిర్మింప బూనెను. ఆరోగ్యము మాత్రము యౌవనముననే చెడెను.

1654లో మేరే అను నాతడు జూదమునకు సంబంధించిన చిక్కుప్రశ్న నొకదానిని పాస్కల్ ముందుంచెను. ఇద్దరు చెరి 32 నాణెములు పందెమొడ్డిరి. ముందుగా మూడు ఆటలు గెలిచినవానికి 64 నాణెములును చెందును. మొదటివాడు రెండు, రెండవవాడు ఒకటి గెలిచిన పిమ్మట ఆట నిలిచిపోయెను. సొమ్ము పంచుటెట్లు? గెలిచిన ఆటల లెక్కను బట్టి పంచవలెనని ఇటలీ పండితుడు పాచియోలీ 1494లోనే వ్రాసియుండెను.

పాస్కల్ జరిగిన ఆటలను విడిచి, జరుగవలసిన ఆటను చూచెను. మరియొక ఆట జరిగి మొదటివాడు గెలిచినచో 64 నాణెములును అతనివే. ఓడినచో ఇరువురును సమానులై చెరి 32 పొందుదురు. కావున గెలిచినను ఓడినను 32 నాణెములు అతనికి నిశ్చయము. మిగిలిన 32 ఇరువురిలో ఎవరికైనను దక్కవచ్చును గనుక వానిని చెరిసగము చేయవలెను. అనగా మొదటివానికి 48, రెండవవానికి 16. తూలూజ్ నగరమున న్యాయాధికారిగా నుండిన ఫెర్మా వేరు మార్గమున లెక్కించి ఇదే ఫలితమును పొందెను. ఇరువురి లేఖలనుండి సంభావ్యతాశాస్త్రము పుట్టెను. 1657లో హైగెన్స్ దానిని గ్రంథస్థము చేసెను. 1693లో హేలీ బ్రెస్లా నగరపు జననమరణముల లెక్కలనుండి ఆయుర్దాయపు పట్టికను కూర్చెను. జీవిత బీమా గణితమునకు పునాది ఇట్లు పడెను.

1654 నవంబరు 23వ తేదీ రాత్రి పాస్కల్‌కు గాఢమైన భక్త్యనుభవము కలిగెను. దానిని వ్రాసికొన్న పత్రమును అంగీలో కుట్టించుకొని మరణపర్యంతము ధరించెను. అటుపై జీవితమెల్ల దైవచింతనకు, దీనసేవకు అర్పించెను. 1662లో స్వల్పమైన రుసుముతో ఎక్కదగిన బండ్లను పారిస్ వీథులలో నడిపించుటకు పూనుకొని, తన భాగపు లాభమును పేదలకు ఉద్దేశించెను.

ఆ యేడే ఆతని ఇంట ఆశ్రయము పొందిన నిరుపేద కుటుంబములో ఒక బాలునకు మశూచి సోకెను. పాస్కల్ అప్పటికే తీవ్రముగా జబ్బుపడి యుండెను. పరిచర్యకు నిత్యము వచ్చు సోదరి వలన ఆమె బిడ్డలకు అంటు తగులునను భయము కలిగెను. బాలుని వేరొకచోటికి పంపుట సులభము. కాని కదలించుటవలన తనకంటె ఆ బాలునకే యెక్కువ అపాయమని పాస్కల్ నిశ్చయించి, బాలుని అచ్చటనే యుంచి తానే యిల్లు విడిచి సోదరి గృహమునకు చేరెను. మరల తిరిగి రాలేదు. 1662 ఆగస్టు 19వ తేదీన, 39 ఏండ్ల వయసున, అచ్చటనే కన్నుమూసెను.

జూదరుల సొమ్మును న్యాయముగా పంచుటకు పుట్టిన లెక్క నేడు కోట్లాది కుటుంబములకు ఆపదలో అండగా నున్నది. దానికి బాట వేసిన మహనీయుడు తన కడపటి లెక్కలో బరువైన పాలును తానే తీసికొనెను.