పౌర సంబంధాలకు బాట వేసిన ఐవీ లీ

తిరుపతిలో దేవస్థానానికి, చిత్తూరులో జిల్లా యంత్రాంగానికి పౌర సంబంధాల అధికారులు ఉన్నారని మనకు తెలుసు. ప్రమాదం జరిగినా, ఆరోపణ వచ్చినా విలేకరులు ముందు ఫోన్ చేసేది వాళ్లకే. ఈ వృత్తికి మొదట బాట వేసినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన ఐవీ లీ. జర్నలిజం చదవాలనుకునే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆయన జీవితం తప్పక తెలుసుకోవాలి. అందులో నేర్చుకోవలసిందీ ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది.

ఐవీ లీ 1877 జూలై 16న జార్జియా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి మెథడిస్టు మత బోధకుడు. 1898లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, న్యూయార్క్ పత్రికల్లో విలేకరిగా చేరారు. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలంటే జనానికి మండిపోయేది. యజమానులేమో పత్రికల వాళ్లను గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. తలుపులు మూసుకుంటే పుకార్లే రాజ్యమేలుతాయని లీ గ్రహించారు. జార్జి పార్కర్ అనే మరో పాత్రికేయునితో కలిసి, జనాగ్రహానికి గురైన సంస్థల తరఫున పత్రికలకు సమాచారం ఇచ్చే సంస్థను స్థాపించారు.

1906లో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ ఆయన తన నియమాలను పత్రికా సంపాదకులకు పంపారు. తమ పనిలో రహస్యం ఉండదని, ఇచ్చేది వార్తే గాని ప్రకటన కాదని, ఏ వివరాన్నయినా సరిచూసుకోవడానికి సంపాదకులకు సాయపడతామని అందులో చెప్పారు. అదే సంవత్సరం అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ వద్ద పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. దాచిపెట్టడం రైలు కంపెనీలకు అలవాటు. లీ మాత్రం ప్రకటన రాసి పత్రికలకిచ్చి, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకువెళ్లారు. నేటి ప్రెస్ నోట్‌కు అదే మూలమని చాలామంది చెబుతారు.

ఇంతవరకు మెచ్చుకోదగ్గ కథే. అసలు పరీక్ష 1914లో వచ్చింది. కొలరాడోలో రాక్‌ఫెల్లర్ కుటుంబానికి ప్రధాన వాటా ఉన్న బొగ్గు కంపెనీలో కార్మికులు సమ్మె చేశారు. కంపెనీ ఇళ్ల నుంచి గెంటివేయబడి, భార్యాబిడ్డలతో లడ్లో అనే చోట గుడారాల్లో తలదాచుకున్నారు. ఏప్రిల్ 20న ఆ గుడారాలపై కాల్పులు జరిపి నిప్పంటించారు. ఒక గుడారం కింద గోతిలో దాక్కున్న 2 స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. దేశమంతా రాక్‌ఫెల్లర్‌ను దుమ్మెత్తి పోసింది. ఆయన లీని పిలిపించుకున్నారు.

లీ వరుసగా కరపత్రాలు అచ్చువేసి దేశమంతటా పంచారు. కార్మిక నాయకులు తీసుకునే జీతాలను ఉన్నదానికి ఎన్నో రెట్లు పెంచి చూపారు. ప్రభుత్వ విచారణ సంఘం నిలదీసినప్పుడు, యజమానులు ఇచ్చిన అంకెలను తాను సరిచూడలేదని ఒప్పుకున్నారు. సరిచూసుకోండని సంపాదకులకు చెప్పిన మనిషే తాను సరిచూసుకోలేదు! అప్టన్ సింక్లెయిర్ అనే రచయిత ఆయనకు విషపు తీగ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరు చివరిదాకా వదల్లేదు. 1915లో చిన్న రాక్‌ఫెల్లర్ గనుల వద్దకు వెళ్లి కార్మికులతో కలిసి భోజనం చేశారు. పత్రికలు మెచ్చుకున్నాయి. కానీ కార్మికులు కోరిన స్వతంత్ర సంఘానికి గుర్తింపు రాలేదు.

1934లో జర్మనీ రసాయన కంపెనీ ఐ.జి. ఫార్బెన్ నుంచి ఏటా 25,000 డాలర్లు తీసుకున్నారన్న సంగతి అమెరికా పార్లమెంటరీ సంఘం ముందు బయటపడింది. హిట్లర్ ప్రభుత్వానికి మంచిపేరు తెచ్చే పని చేశారన్న నింద పడింది. యూదులపై ఆ ప్రభుత్వ విధానాన్ని అమెరికన్లు ఎన్నటికీ ఒప్పుకోరని తాను వారికి చెప్పానని లీ వివరించుకున్నారు. ఆ మచ్చ పోకముందే, మెదడులో గడ్డ వల్ల 1934 నవంబర్ 9న, 57వ ఏట కన్నుమూశారు.

మిత్రులారా! సంక్షేమ హాస్టల్ పిల్లలంటే లోకానికి ఇప్పటికీ చిన్నచూపే. గుడారాల్లోని ఆ కార్మికుల్లాగే, మన గురించి రాసేది ఎక్కువగా ఇతరులే. మన తరఫున మాట్లాడడానికి డబ్బిచ్చి ఎవరినీ పెట్టుకోలేం. మన మాట మనమే చెప్పుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ అయినా, పత్రికకు రాసే ఉత్తరం అయినా, అందులోని ప్రతి అంకెనూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుందాం. రేపు మనలో ఎవరైనా ఆ అధికారి కుర్చీలో కూర్చుంటే, ప్రెస్ నోట్ మీద సంతకం పెట్టేముందు ఆ గోతిలోని 11 మంది పిల్లలను గుర్తు చేసుకుందాం.