రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు మహాపురుషచరిత్ర మొకటి వ్రాసి యిండని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. మేము తొండూరి ప్రాంతమున చిరకాలము బాలురకు తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవారము. మేము పాఠము చెప్పు దినములలో విద్యార్థులు తరుచుగ మమ్మడుగుచుండిన ప్రశ్న యొకటి కలదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దొంగయా, దొరయా? సర్కారు కాగితములు ఆయనను తిరుగుబాటుదారనెను. కళ్లములలో తాతలు పాడిన పాట దొర యనెను. తరగతిలో గంట మ్రోగువేళ తొందరపడి చెప్పిన సమాధానములు మాకే తృప్తి నీయలేదు. కావున నిచ్చట సావకాశముగ విచారింప దలచితిమి.

తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోవెలకుంట్ల ప్రాంతములు పూర్వము రేనాడను పేర ప్రసిద్ధములు. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున ఎఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్లలో వేయబడిన శాసనము, లభించిన తెలుగు శాసనములలో మొట్టమొదటిదని పండితులు చెప్పుదురు. నరసింహారెడ్డి యీ రేనాటి బిడ్డ. ఉయ్యాలవాడయు, కోవెలకుంట్లయు నేడు నంద్యాల జిల్లాలో నున్నవి. అయినను ఆయన కాలమున కోవెలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనిదే. 1858లో కర్నూలు జిల్లాలో జేరినది. ఆయనపై సైన్యమును నడిపించినదియు కడప కలెక్టరే. కనుక నిది పరాయి సీమ కథ కాదు.

1800 సంవత్సరమున నైజాము ప్రభువు కడప, బళ్లారి సీమలను ఇంగ్లీషు కుంపిణీవారికి దత్తము చేసెను. అందుచేతనే వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. అప్పుడు ప్రధాన కలెక్టరుగ వచ్చిన థామస్ మన్రో 1807 వరకు నిచ్చట నుండెను. ఎనుబదిమంది పాలెగాండ్రు కోటలు గట్టుకొని, బంట్లను బోషించుచు, తమలో దాము కలహించుచుండిన కాలమది. మన్రో వారి బలము నడచి, పలువురకు పాలెములకు బదులు పింఛనులు ఏర్పరచెను. పిమ్మట పొలముల నెల్ల కొలిపించి, నడుమ నెవ్వరును లేకుండ రైతు పేరనే శిస్తు నిర్ణయించెను. రైతువారీ పద్ధతి యనగా నిదియే. మన్రోను మెచ్చి బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొనినవారును మన సీమలో గలరు. నేడు మనము పట్టాయనియు, అడంగలనియు, సర్వే నెంబరనియు చెప్పుకొను మాటల వెనుక ఆనాటి కొలతయే యున్నది. పాలెగాని కత్తి కంటె కరణము కలమునకు బలము హెచ్చిన దినము లవి.

నరసింహారెడ్డి ఉయ్యాలవాడ పాలెగాండ్ర వంశమున జనించెను. తండ్రి పెదమల్లారెడ్డి. మాతామహుడు నొస్సము పాలెగాడైన జయరామిరెడ్డి. మిక్కిలి ప్రబలుడై యుండి, పాలెమును గోల్పోయి, పింఛనుదారుగ మిగిలినవాడు. నరసింహారెడ్డికి సర్కారు ఖజానానుండి వచ్చుచుండినది నెలకు 11 రూపాయల చిల్లర మాత్రమే. నొస్సము వంశపు పింఛను రద్దుకాగా, దౌహిత్రుడనైన తనకు అందు కొంత భాగ మిప్పింపవలెనని ఆయన అర్జీ పెట్టుకొనెను. సర్కారువారు త్రోసిపుచ్చిరి. పింఛనుకై పంపిన మనుష్యుని కోవెలకుంట్ల తహసీలుదారు అవమానించి పంపెనని కథకులు చెప్పుదురు.

ఇంతమాత్రమే యైనచో నిది యొక పింఛనుదారుని మనస్తాపముగ ముగిసియుండెడిది. అదే సమయమున కట్టుబడి ఇనాముల తగవు పుట్టెను. కట్టుబడులనగా గ్రామములను, బాటలను రేయింబగళ్లు కాచు బంట్రోతులు. వారికి రొక్కపు జీతము లేదు. స్వల్పమైన పన్ను చెల్లించి అనుభవించు మాన్యపు పొలమే జీతము. ఎందరు ప్రభువులు మారినను ఆ పొలము నిలుచునని వారు నమ్మియుండిరి. ఆ మాన్యములను సర్కారు మరల స్వాధీనము చేసికొనునను మాట పొక్కగానే ఇంటింట కలత రేగెను. కాగితమున ఒక పంక్తి కొట్టివేసిన, గుడిసెలో పొయ్యి యారును. ఆ పొయ్యిలవారే నరసింహారెడ్డి వెనుక నిలిచిరి. వారిలో పలుకులములవారు గలరు. ఆయనకు కుడిభుజమని జనులు చెప్పుకొను ఓబన్న వడ్డె కులస్థుడు. గోసాయి వెంకన్న పేరును పాటలలో వినవచ్చును.

1846 జూలై మాసమున వీరు కోవెలకుంట్ల ఖజానాపై బడిరి. పిదప గిద్దలూరి చెంత వాట్సను అను సైన్యాధికారితో పోరు సల్పిరి. ఆ సందర్భమున కంభము తహసీలుదారు హతుడైనట్లు సర్కారు గ్రంథములలో గలదు. పాటలు కోవెలకుంట్ల తహసీలుదారు తల నరికిన సంగతి పాడును. ఎట్లైనను రక్తపాతము జరిగినది. గ్రామములు కొన్ని దోపిడికి లోనయినవి. వీరుని చరిత్రయని యీ మాటను మరుగుపరచుట న్యాయము కాదు. తరువాత ఎఱ్ఱమలలలోను, నల్లమలలలోను తిరుగుచు, కొండకోటలలో తలదాచుకొనుచు, సర్కారు బహుమానము ప్రకటించినను కొన్ని మాసములవరకు చిక్కకుండెను. తుదకు 1846 అక్టోబరు 6వ తేదీన పేరుసోముల కొండచెంత పట్టువడెను.

వందలకొలది జనులపై నేరము మోపబడెను. పెక్కుమందికి కఠినశిక్షలు పడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో కలెక్టరు కాక్రేను సమక్షమున నరసింహారెడ్డి నురిదీసిరి. అటుపిమ్మట ఆయన శిరస్సును కోట గోడపై ఇనుప కొక్కెమునకు వ్రేలాడదీసిరి. అది 1877 వరకు నట్లే యుండెను. ముప్పది సంవత్సరములు! ఆ యేడు పుట్టిన శిశువు పెరిగి, పెండ్లియాడి, తన బిడ్డను చంకనెత్తుకొని సంతకు బోవునాటికిని ఆ పుఱ్ఱె యచ్చటనే యుండెను. జనులు భయపడుదురని సర్కారు తలచెను. వారు దాని క్రిందుగ నడచుచు పాట కట్టుకొనిరి.

ఇట్టిది లోకమున నన్యత్రయు జరిగినది. మన్రో స్కాట్లాండు దేశీయుడు. ఆ దేశపు వీరుడైన విలియం వాలెసును 1305లో లండనులో వధించి, ఆయన శిరస్సును ఆ పట్టణపు వంతెనపై నిలిపిరి. ఆ వాలెసును స్కాట్లాండు జనులు నేటికిని కొనియాడుచున్నారు. ఆ దేశపు బిడ్డ నెలకొల్పిన యేర్పాటుల నీడలోనే మన దేశమున మరియొక వాలెసు పుట్టుట విధివిలాసము. నరసింహారెడ్డి గతించిన పది సంవత్సరములకు 1857లో ఉత్తరదేశ మంతయు రగులుకొనెను.

ఇంతకాలమునకు ఆయన కీర్తి మరల వెలుగుచున్నది. 2019లో చలనచిత్రము వచ్చినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టబడినది. మనకు సంతోషమే. కాని యొక మాట పెద్దల సమక్షమున మనవి చేయక తప్పదు. ఆయన మన కులమున బుట్టెనని బొమ్మలకు దండలు వేసి, ఆయనతో చెఱసాలకు బోయిన వడ్డెలను, కట్టుబడులను మరచితిమేని, సగము చరిత్రనే పూజించినవారమగుదుము. మఱియు, మన సీమలో పల్లెపల్లెకు పగలు పెంచుకొని, అన్నదమ్ముల బిడ్డలే కత్తులు దూసికొని, దానిని పాలెగాండ్ర పౌరుషమని చెప్పుకొనువారు గలరు. అట్టి పగలవలన విధవలైన తల్లుల బిడ్డలకు మేము పాఠములు చెప్పితిమి. వారి ముఖములు చూచినవా డెవడును ఆ పౌరుషమును మెచ్చజాలడు. నరసింహారెడ్డి యెదిరించినది పొరుగువానిని గాదు. పేదవాని మాన్యమును హరించు ప్రభుత్వమును.

ఆ ఉయ్యాలవాడలోనే బుడ్డా వెంగళరెడ్డి యను మహాదాత యుండెను. 1866 నాటి క్షామమున తన గాదెలు తెరిపించి, కులభేదము లేక వేలకొలది ఆర్తులకు అన్నము పెట్టినవాడు. రేనాటి జనులు నరసింహారెడ్డిని సూర్యుడనియు, వెంగళరెడ్డిని చంద్రుడనియు చెప్పుకొందురు. వీరుని శిరస్సు కోటపై వ్రేలాడుచుండగనే, దాత ముంగిట అన్నపురాశులు పడినవి. ఒకే గ్రామమున ఒకే కాలమున రెండు విధముల ధర్మము నిలిచినది.

కావున దాతలైన మహాశయులకు మా విన్నప మిది. విగ్రహములకు వెచ్చించు ధనములో సగమైనను బీదవిద్యార్థుల వసతికిని, పుస్తకములకును వినియోగింపుడు. మీ అటకలపై నున్న పాత దస్తావేజులను, తాళపత్రములను చెదలపాలు చేయక భద్రపరపుడు. కాగితము చదువలేక, చదివినవాని మాట నమ్మి భూములు గోల్పోయినవారు నేటికిని మనలో గలరు. మన బాలురును, బాలికలును తమ పొలపు కాగితమును తామే చదువుకొనగలుగుట నరసింహారెడ్డికి మనము చేయదగిన తర్పణము.

మా విద్యార్థుల ప్రశ్నకు నేటి సమాధానము: దోపిడి జరిగినది, గాన సర్కారు పూర్తిగ అబద్ధమాడలేదు. కాని తన 11 రూపాయల దుఃఖముతో ఊరక యింట గూర్చుండక, పరుల పొయ్యి ఆరుచుండగా లేచినవాడు గనుక జనులు ఆయనను దొర యనిరి. మేమును అట్లే యందుము.