థామస్ హంట్ మోర్గాన్

థామస్ హంట్ మోర్గాన్ (సెప్టెంబరు 25, 1866 – డిసెంబరు 4, 1945) సుప్రసిద్ధ అమెరికా జన్యుశాస్త్రవేత్త, పిండోత్పత్తి శాస్త్రవేత్త. వంశపారంపర్యంలో క్రోమోజోముల పాత్రను నిరూపించినందుకు 1933లో ఈయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కంటికి కనిపించే ఒక లక్షణాన్ని గుర్తుగా పెట్టుకొని, కనిపించని జన్యువు జాడను తెలుసుకొనే పద్ధతి ఈయన ప్రయోగశాలలో రూపు దిద్దుకొంది. నేడు వైద్యంలోను, వ్యవసాయంలోను జన్యు మార్కర్లు, అనగా జన్యు సూచికలు, అనే పేరుతో వాడుకలో ఉన్న విధానాలకు మూలం అదే.

బాల్యం, విద్యాభ్యాసం

మోర్గాన్ కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్ల్‌టన్ హంట్ మోర్గాన్, తల్లి ఎలెన్ కీ హోవర్డ్. పెదతండ్రి వరుసైన జాన్ హంట్ మోర్గాన్ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సేనాని. అమెరికా జాతీయ గీతాన్ని రచించిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ తల్లివైపు ముత్తాత. ఇంతటి వంశ చరిత్ర కలిగిన ఇంట పుట్టినప్పటికీ మోర్గాన్ మనసు చిన్ననాటి నుండి పక్షులు, శిలాజాల సేకరణ మీదనే ఉండేది. 1886లో కెంటకీ స్టేట్ కళాశాల నుండి పట్టభద్రుడై, సముద్ర సాలీళ్ళ పిండాభివృద్ధిపై పరిశోధన గావించి 1890లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

1891 నుండి 1904 వరకు బ్రిన్ మార్ మహిళా కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశాడు. వానపాముల వంటి జీవులలో తెగిన శరీర భాగం తిరిగి ఎలా పెరుగుతుందన్నది అప్పటి ఈయన ముఖ్య పరిశోధన. అక్కడ ఈయన శిష్యురాలైన నెట్టీ స్టీవెన్స్ 1905లో పిండి పురుగులను పరీక్షించి, సంతానం ఆడదా మగదా అన్నది ఒక క్రోమోజోము మీద ఆధారపడి ఉంటుందని చూపింది. ఆ నిర్ణయాన్ని గురువు చాలాకాలం ఒప్పుకోలేదు. 1904లో కళాశాల పూర్వ విద్యార్థిని, స్వయంగా జీవశాస్త్రవేత్త అయిన లిలియన్ సాంప్సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు. అదే సంవత్సరం కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరాడు.

సందేహవాది

మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చినపుడు వాటిని ప్రశ్నించిన వారిలో మోర్గాన్ ముఖ్యుడు. ఫలితాలకు అనుగుణంగా ఎవరికి కావలసిన కారకాలను వారు ఊహించుకొంటున్నారని 1909లో బహిరంగంగానే విమర్శించాడు. క్రోమోజోముల సిద్ధాంతం పట్ల కూడా ఈయనకు నమ్మకం లేదు. చేతితో పట్టి చూపగలిగిన ప్రయోగం తప్ప మరొకటి ఒప్పుకోని స్వభావం ఈయనది. తాను నమ్మని సిద్ధాంతానికి చివరకు బలమైన సాక్ష్యం సమకూర్చినది తన ప్రయోగమే కావడం శాస్త్ర చరిత్రలో అరుదైన విషయం.

తెల్ల కళ్ళ ఈగ

మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగ శాస్త్రీయ నామం డ్రోసోఫిలా మెలనోగాస్టర్. రెండు వారాల లోపునే ఒక తరం పూర్తి చేసుకొంటుంది, వందల సంఖ్యలో పిల్లలను పెడుతుంది, పాల సీసాలో కాస్త అరటిపండు గుజ్జు వేస్తే బ్రతుకుతుంది. కొలంబియాలో సుమారు 16 అడుగుల వెడల్పు, 23 అడుగుల పొడవు గల ఇరుకు గదిలో మోర్గాన్ ఈ ఈగలను పెంచాడు. "ఈగల గది" అన్న పేరు ఆ గదికి స్థిరపడిపోయింది.

ఈ ఈగల కళ్ళు సహజంగా ఎర్రగా ఉంటాయి. 1910లో ఒక సీసాలో తెల్ల కళ్ళు గల మగ ఈగ కనిపించింది. మోర్గాన్ దానిని ఎర్ర కళ్ళ ఆడ ఈగలతో సంకరం చేయగా మొదటి తరంలో 1,237 ఎర్ర కళ్ళ ఈగలు పుట్టాయి. మూడు మాత్రం తెల్ల కళ్ళవి రాగా, అవి కొత్త ఉత్పరివర్తనాలని భావించి పక్కన పెట్టాడు. ఆ తరంలోని ఎర్ర కళ్ళ ఈగలను తమలో తాము సంకరం చేయగా 2,459 ఎర్ర కళ్ళ ఆడవి, 1,011 ఎర్ర కళ్ళ మగవి, 782 తెల్ల కళ్ళ మగవి వచ్చాయి. తెల్ల కళ్ళ ఆడ ఈగ ఒక్కటీ లేదు.

దీనికి కారణం సులభంగానే గ్రహించవచ్చు. ఆడ ఈగకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. మగ ఈగకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. కంటి రంగు జన్యువు ఎక్స్ మీద ఉన్నది. మగ ఈగకు ఎక్స్ తల్లి నుండి మాత్రమే వస్తుంది గనుక, ఆ ఒక్కదాని మీద తెలుపు జన్యువు ఉంటే దానిని కప్పిపుచ్చే జత వేరొకటి లేదు. ఆడ ఈగకు తండ్రి నుండి కూడా ఒక ఎక్స్ వస్తుంది. రెండవ తరం ఆడ ఈగల తండ్రులు ఎర్ర కళ్ళవి కాబట్టి ఆ ఎక్స్ ఎరుపు జన్యువునే తెచ్చింది. ఒక లక్షణాన్ని ఒక నిర్దిష్టమైన క్రోమోజోముతో ముడివేసిన తొలి ప్రయోగాలలో ఇది ప్రముఖమైనది. మోర్గాన్ అభిప్రాయం ఒక్క రోజులో మారలేదు గాని, ఒకటి రెండు సంవత్సరాలలో ఆయన క్రోమోజోము సిద్ధాంతానికి ప్రధాన సమర్థకుడు అయ్యాడు.

మొదటి జన్యు పటం

ఇంతలో పసుపు దేహం, పొట్టి రెక్కలు వంటి మరికొన్ని మార్పులు ఈగలలో బయటపడ్డాయి. ఇవి కూడా ఎక్స్ క్రోమోజోము మీదివే. ఒకే దారానికి గుచ్చిన పూసల వలె ఇవన్నీ కలిసే సంతానానికి చేరాలి. దీనినే సహలగ్నత అంటారు. కాని కొన్ని ఈగలలో అవి విడిపోయి కనిపించాయి. బీజకణాలు ఏర్పడేటపుడు జంట క్రోమోజోములు ఒకదానిపై ఒకటి మెలిపడతాయని బెల్జియం శాస్త్రవేత్త జాన్సెన్స్ 1909లో వర్ణించాడు. ఆ మెలిక వద్ద ముక్కలు తారుమారు అవుతాయని, రెండు జన్యువుల నడుమ దూరం ఎంత ఎక్కువైతే అవి విడిపోయే అవకాశం అంత ఎక్కువని 1911లో మోర్గాన్ ఊహించాడు. ఈ తారుమారుకు వినిమయం అని పేరు.

ఊహను అంకెలలో పెట్టినవాడు ఇంకా పట్టా పుచ్చుకోని శిష్యుడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్. విడిపోయే శాతాన్నే దూరానికి కొలతగా తీసుకోవచ్చునని అతనికి తోచింది. 1911 చివరలో ఒక రాత్రి కళాశాల పాఠాలు పక్కన పెట్టి లెక్కలు కట్టి, తెల్లవారేసరికి మొట్టమొదటి జన్యు పటాన్ని సిద్ధం చేశాడు. 1913లో ప్రచురితమైన ఆ పటంలో ఆరు లక్షణాలకు ఐదు స్థానాలు చూపబడ్డాయి. పసుపు దేహం 0.0 వద్ద, తెల్ల కన్ను, దాని మరొక రూపమైన లేత వర్ణపు కన్ను 1.0 వద్ద, సిందూర వర్ణపు కన్ను 30.7 వద్ద, పొట్టి రెక్క 33.7 వద్ద, కురచబారిన రెక్క 57.6 వద్ద ఉన్నాయి. ఇవి అంగుళాలు, మిల్లీమీటర్లు కావు. వినిమయ శాతాలు మాత్రమే. సూక్ష్మదర్శినిలో కూడా కనిపించని జన్యువుల వరుస క్రమం ఈగలను లెక్కపెట్టడం ద్వారా తేలింది. కంటి రంగు, రెక్క పొడవు తమంతట తాము గొప్ప విషయాలు కావు. క్రోమోజోము మీద మైలురాళ్ళ వలె పనిచేయడమే వాటి విలువ.

సీసాలు కడిగే పనికి చేరిన కాల్విన్ బ్రిడ్జెస్ సిందూర వర్ణపు కళ్ళ ఈగను మందపాటి గాజు సీసా బయటి నుండే గుర్తుపట్టి పరిశోధకుడయ్యాడు. సూత్రానికి లొంగని మినహాయింపు ఈగలలో క్రోమోజోములు కూడా అసాధారణంగానే పంపకమయ్యాయని 1916లో చూపి, మిగిలిన సందేహాలను తీర్చాడు. 1915లో మోర్గాన్, స్టర్టెవాంట్, ముల్లర్, బ్రిడ్జెస్ కలిసి మెండెల్ వంశపారంపర్య విధానంపై వెలువరించిన గ్రంథం ఒక తరానికి పాఠ్యపుస్తకమైంది. అయితే ఆ గదిలో అన్నీ సజావుగా సాగలేదు. తన ఆలోచనలకు తగిన గుర్తింపు దక్కలేదని హెర్మన్ ముల్లర్ బాధపడేవాడు. ఎక్స్ కిరణాలతో ఉత్పరివర్తనాలు కలిగించవచ్చునని 1927లో వెల్లడించిన ఈయనకు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాతి జీవితం

1928లో మోర్గాన్ కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పడానికి వెళ్ళాడు. నోబెల్ బహుమతి ధనాన్ని తన పిల్లలతో పాటు స్టర్టెవాంట్, బ్రిడ్జెస్ పిల్లలకు కూడా పంచాడు. బహుమతి ప్రదాన సభకు వెళ్ళక, 1934 జూన్‌లో స్టాక్‌హోం వెళ్ళి ఉపన్యసించాడు. 1939లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం అందుకొన్నాడు. 1945 డిసెంబరు 4న పాసడేనాలో మరణించాడు.

జన్యు సూచికల వినియోగం

జన్యువుల నడుమ దూరాన్ని కొలిచే ప్రమాణానికి 1919లో జె.బి.ఎస్. హాల్డేన్ మోర్గాన్ పేరు పెట్టాడు. ఈ హాల్డేనే 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఒక శాతం వినిమయాన్ని ఒక సెంటీమోర్గాన్ అంటారు.

మనుషులను ఈగల వలె సంకరం చేయలేరు. కంటికి కనిపించే తగిన గుర్తులూ తక్కువే. 1980లో బాట్‌స్టీన్, ఆయన సహచరులు డీఎన్ఏలోని సహజమైన తేడాలనే గుర్తులుగా వాడవచ్చునని ప్రతిపాదించారు. 1983లో హంటింగ్టన్ వ్యాధి జన్యువుకు చేరువలో ఉన్న సూచిక నాలుగవ క్రోమోజోము మీద దొరికింది. జన్యువు అసలు స్వరూపం తెలియడానికి మరో పదేళ్ళు పట్టినా, అది ఉండే చోటు మాత్రం వ్యాధిగ్రస్త కుటుంబాలలో ఆ సూచిక వెంట వెళ్ళడం వల్లనే తేలింది.

తెలుగువారికి సుపరిచితమైన సాంబ మసూరి, అనగా బాపట్లలో రూపొందిన బి.పి.టి. 5204 వరి, బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులను చేర్చాయి. వాటిలో రెండు అంతర్గతమైనవి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న మొక్కలో వాటి ప్రభావం పైకి కనిపించదు. పైగా మూడింటిలో ఏది ఉన్నదో, ఎన్ని ఉన్నాయో తెగులు సోకించి చూసినా తేల్చడం కష్టం. అందుచేత ప్రతి తరంలో లేత ఆకు నుండి డీఎన్ఏ తీసి, సూచికలను పరీక్షించి మొక్కలను ఎంపిక చేశారు. ఈ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.