విల్హెల్ము లాయిష్నరు

విల్హెల్ము లాయిష్నరు 1890వ సంవత్సరము జూను 15వ తేదీన జర్మనీ దేశమందలి బైరాయిటు పట్టణములో ఒక పేద కుటుంబమున జన్మించెను. కొయ్యపై చెక్కడపు పని నేర్చి, యౌవనారంభమున డార్మ్‌స్టాట్ నగరము చేరి, ఆ పనితోనే పొట్ట పోసికొనుచుండెను. ఉలి పట్టినవాడు ఒంటరివాడైనచో వాని కూలి నిర్ణయించువాడు యజమానియే. ఈ సంగతి గ్రహించి ఆయన చిన్న వయసుననే కార్మికసంఘమున చేరెను.

మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా పనిచేసి వచ్చిన పిదప, 1919లో డార్మ్‌స్టాట్ కార్మికసంఘముల సమితికి అధ్యక్షుడయ్యెను. 1924లో హెస్సె రాష్ట్ర శాసనసభ్యుడును, 1928లో ఆ రాష్ట్ర హోంమంత్రియు అయ్యెను. 1931లో నాజీపక్షమువారు అధికారమును బలాత్కారముగా చేజిక్కించుకొనుటకు వ్రాసికొనిన రహస్యపత్రములు దొరకగా, ఆయనయు ఆయన సహచరులును వానిని బట్టబయలు చేసిరి. నాజీలు ఆ పగను మరువలేదు.

1933 జనవరిలో హిట్లరు ప్రధాని అయ్యెను. రాజకీయములకు దూరముగా ఒదిగియున్నచో తమ సంఘములైన బ్రతుకునని కార్మికనాయకులు పెక్కుమంది తలచిరి. అది వట్టి భ్రమ. మే 1వ తేదీన ప్రభుత్వము కార్మికోత్సవము జరిపెను; మరునాడే నాజీ దళములు సంఘముల కార్యాలయములను ఆక్రమించి నాయకులను చెరబట్టెను. లాయిష్నరును గూడ నిర్బంధించి, కొలది దినములకు విడిచిపెట్టిరి.

ఆ విడుదల దయచేత కాదు. జూను మాసమున జినీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభ జరుగనుండెను. సంఘములను మ్రింగిన నాజీ కార్మికసంస్థకు అధిపతియగు రాబర్టు లై ఆయనను వెంట గొనిపోయెను. విదేశ కార్మిక ప్రతినిధులు లాయిష్నరును ఎరుగుదురు. ఆయన నోట ఒక్క మంచిమాట వెలువడినచో వారు కొత్త సంస్థను అంగీకరింతురని లై ఆశించెను. ఎంత బెదరించినను లాయిష్నరు నోరు విప్పలేదు. ఆ మౌనముయొక్క అర్థము సభలోనివారందరికిని తెలిసెను. జర్మను ప్రతినిధివర్గము సభ ముగియకమునుపే వెడలిపోవలసివచ్చెను.

స్విట్జర్లాండులోనే నిలిచిపోయినచో ఆయనకు ప్రాణభయము లేకుండెడిది. అయినను స్వదేశమునకు మరలెను. జర్మనీ గడ్డపై అడుగిడగనే బంధించి, ఒక సంవత్సరకాలము చెరసాలలయందును నిర్బంధ శిబిరములయందును ఉంచిరి.

1934లో విడుదలయైన పిదప బెర్లినులో చిన్న కర్మాగారము నడిపెను. అందు బీరు పీపాలకు బిగించు లోహపు పరికరములు తయారగుచుండెను. పూర్వపు సంఘసేవకులు పలువురు అందు ఉద్యోగులైరి. సరకు అమ్మువారి వలె ఊరూర తిరుగుచు, వారు రహస్యవార్తలను చేరవేయుచుండిరి. ప్రభుత్వపు వేగులవారు చూచిన లెక్కలలో మాత్రము కుళాయిలే కానవచ్చెడివి!

మునుపు జర్మను కార్మికులు సోషలిస్టు సంఘములని, క్రైస్తవ సంఘములని చీలియుండిరి. కనుకనే అవి ఒకదాని వెనుక ఒకటి కూలిపోయెను. లాయిష్నరును, క్రైస్తవ సంఘనాయకుడగు యాకోబు కైజరును చేతులు కలిపి, ఇకముందు అందరికిని ఒకే సంఘముండవలెనని నిశ్చయించుకొనిరి. హిట్లరును కూలద్రోయ యత్నించిన సేనానులతోను వారు కలిసిరి. ఆ యత్నము ఫలించినచో లాయిష్నరు ఉపప్రధాని కావలసియుండెను.

1944 జూలై 20వ తేదీన హిట్లరుపై ప్రయోగించిన బాంబు వానిని చంపలేదు. ఆగస్టులో లాయిష్నరు పట్టుబడెను. సెప్టెంబరు 29వ తేదీన బెర్లినులోని ప్లోట్జెన్‌జే కారాగారమున ఆయనకు మరణశిక్ష అమలు జరిపిరి. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు.

1949 అక్టోబరులో మ్యూనిక్ నగరమున పశ్చిమ జర్మనీ కార్మికులు సోషలిస్టు, క్రైస్తవ భేదము లేక ఒకే సమాఖ్యగా ఏర్పడిరి. లోహపుపని కార్మికుడుగా జీవితము నారంభించిన హాన్సు బ్యోక్లరు దానికి మొదటి అధ్యక్షుడయ్యెను.