నాలుగు తంత్రుల తపస్సు: ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

కర్ణాటక సంగీత కచేరీలో వేదిక నడిమి చోటు గాయకునిది. ఆయన కొకవైపు ఫిడేలు, మరొకవైపు మృదంగం. గాయకుడు రాగాన్ని విస్తరిస్తే ఫిడేలు దానిని అనుసరించవలె. గాయకుడు ఊపిరి తీసుకొనడానికి ఆగితే ఆ విరామాన్ని నింపవలె. ఆయన మళ్లీ గొంతెత్తగానే తాను అణగి ఉండవలె. ఇది పక్కవాద్య ధర్మం. ఈ ధర్మాన్ని లోపం లేకుండా పాటిస్తూనే, ఫిడేలుకు తనదైన గొంతు ఒకటి కలదని లోకంచేత ఒప్పించిన మహనీయుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఇందుకోసం ఆయన వాదప్రతివాదాలకు దిగలేదు, మహానగరాల ఆశ్రయమూ వెతుక్కొనలేదు. విజయనగరంలో ఒక సంగీత కళాశాల గదిలో కూర్చుండి, ఏళ్ల తరబడి తాను సాధన చేస్తూ, ఇతరులచేత చేయిస్తూ ఆ పని సాధించారు.

నాయుడుగారు 1893వ సంవత్సరం నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో ఉద్యోగి. ఉద్యోగం ముగిసిన తరువాత ఆ కుటుంబం విశాఖపట్నం చేరుకున్నది. అందుచేత పుట్టుక కన్నడ సీమలోనైనా, బాల్యం తెలుగు సముద్రతీరాననే గడిచినది. ఇంట సంగీతాభిరుచి ఉండేది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించేవారు. తమ్మునిచేత తొలిసారి కమాను పట్టించినది ఆయనే. ప్రథమ గురువు సొంత అన్నే కావడం ఆ బాలునికి దక్కిన మొదటి అదృష్టం.

కాని దురదృష్టం కూడ అప్పుడే వెన్నంటి వచ్చినది. చిన్ననాడే ఆయనకు చూపు మందగించినది. అక్షరాలు కంటికి ఆనని పిల్లవానికి బడి ఎంత కష్టమో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. పుస్తకం ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నా పంక్తి నిలువదు, నల్లబల్లమీది సుద్దగీతలు పొగమంచువలె కనిపిస్తాయి. నాయుడుగారి బడిచదువు సాగలేదు. ఆ రోజుల్లో అట్టి బాలుని భవిష్యత్తును గురించి ఇంటిల్లిపాదీ బెంగపడడం సహజం. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ దారిలోనే ఆయన నడిచారు.

ఇక్కడ ఫిడేలు స్వభావాన్ని కొంచెం తెలుసుకొనవలసి ఉన్నది. వీణకు మెట్లుంటాయి, ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో కంటికి కనబడుతుంది. ఫిడేలుకు మెట్లు లేవు. నున్నని కర్రమీద నాలుగు తంత్రులు సాగి ఉంటాయి. స్వరస్థానానికి ఏ గుర్తూ ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగితే శ్రుతి చెడుతుంది. చెవి వినవలె, వేలు వెతుక్కొనవలె, దొరికిన చోటును మనస్సు జ్ఞాపకం ఉంచుకొనవలె. కన్ను ఎంత తీక్షణమైనదైనా ఈ విద్యలో చేయగల సాయం స్వల్పమే. చూపు సన్నగిల్లిన బాలునికి ఆ వాద్యమే చేతికందినది. కంటికి దక్కని ఏకాగ్రత అంతా చెవికి చేరినది. అయితే అంధత్వం వరమైనదని ఎవరూ అనుకొనరాదు. ఉన్న లోటును తలచుకొని కుమిలిపోక, మిగిలిన ఇంద్రియాలను పదును పెట్టుకొనడం ఆయన గొప్పతనం.

ఫిడేలు మన దేశానికి అతిథిగా వచ్చిన వాద్యం. పాశ్చాత్యులతోపాటు సముద్రం దాటి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరి సోదర చతుష్టయంలోని వడివేలు మొదలైనవారు పంతొమ్మిదవ శతాబ్దపు తొలిభాగంలో దానికి మన గమకాలు నేర్పారు. పాశ్చాత్యుడు గడ్డంకింద ఇరికించుకొని నిలుచుండి వాయించే ఆ వాద్యాన్ని, మనవారు బాసిపట్టు వేసి కూర్చుండి, దాని తలను పాదంమీద ఆనించి వాయించడం మొదలుపెట్టారు. ఆ మార్పుతో ఎడమచెయ్యి తంత్రులమీద స్వేచ్ఛగా జారడానికి వీలు కలిగినది, గమకం పలికినది. వాద్యం మనదైనది. కాని దాని స్థానం మాత్రం చాలకాలం పక్కవాద్యానిదే. నాయుడుగారు కమాను పట్టేనాటికి లోకదృష్టిలో ఫిడేలు గాయకుని నీడ.

విజయనగరం ఆనాటికే విద్యలకు, కళలకు పేరుగన్న పట్టణం. పూసపాటి ప్రభువుల ఆదరణలో పండితులు, గాయకులు, మల్లులు అక్కడ వన్నెకెక్కారు. గురజాడ అప్పారావుగారు 1915లో కన్నుమూసినది ఆ ఊళ్లోనే. ఆ తరువాత నాలుగేళ్లకు, 1919లో, విజయరామ గజపతిరాజావారు అక్కడ సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థానోద్యోగి ఒకరి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి సంగీత విద్య చెప్పించాలనే తలంపుతోనే ఆ కళాశాలకు అంకురార్పణ జరిగినదని విజయనగరంలో నేటికీ చెప్పుకుంటారు. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులయ్యారు.

నాయుడుగారు ఆ కళాశాలకు విద్యార్థిగా చేరుదామని వెళ్లారట. ఆయన వాద్యం విన్న దాసుగారు ఆయనను విద్యార్థుల వరుసలో కూర్చుండబెట్టలేదు, ఫిడేలు ఆచార్యునిగా నిలబెట్టారు. అప్పటికి నాయుడుగారు ఇరవైయారవ ఏట ఉన్నారు. ఈ సంఘటనలో ఇద్దరి గొప్పతనమూ కలదు. అంతటి వాద్యకారుడు తనకింకా నేర్చుకొనవలసినది ఉన్నదని భావించడం ఒకటి. ఎదుటివాని అర్హతను గుర్తించడానికి పట్టాలతో పనిలేదని పెద్దాయన తలచడం రెండవది. ఒక చూపులేని బాలునికోసం పుట్టినదని చెప్పుకొనే విద్యాలయానికి, చూపు మందమైన యువకుడొకడు గురువై రావడం కూడ విధి చేసిన ఒక చిత్రమైన కూర్పు.

ఆనాడు కచేరీలకు మైకులు లేవు. విశాలమైన పందిళ్లలో, వందలమంది నడుమ, ఫిడేలు నాదం చివరి వరుసకు చేరడం కష్టంగా ఉండేది. ఈ చిక్కుకు ఒక్కొక్క విద్వాంసుడు ఒక్కొక్క విధంగా పరిష్కారం వెదికాడు. మైసూరు చౌడయ్యగారు తంత్రుల సంఖ్యను ఏడుకు పెంచి నాదాన్ని బలపరచుకున్నారు. ఆ మార్గం ఆయనకు కీర్తి తెచ్చినది. నాయుడుగారు మాత్రం నాలుగు తంత్రులను దాటలేదు. ఆయన పరిష్కారం కమానులో ఉన్నది. కమానును పూర్తి నిడివికి లాగి, ఒత్తిడిని అదుపులో ఉంచి, నాదాన్ని తెగకుండా, గరుకెక్కకుండా నిలబెట్టడానికి ఆయన ఏళ్లకేళ్లు శ్రమించారు. సన్నని స్వరమైనా స్పష్టంగా వినిపించేది. ద్రుతకాలంలో స్వరాలు ముత్యాలవలె విడివిడిగా దొర్లేవి. చౌడయ్యగారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లెగారు, నాయుడుగారు, ఈ ముగ్గురినీ ఆ తరం ఫిడేలు విద్యకు త్రిమూర్తులుగా రసికులు ఎన్నుకున్నారు. ముగ్గురివీ మూడు బాణీలు. ఒకరిదొకరికి పోలదు.

నాయుడుగారి బాణీకి ప్రాణం గానం. వాద్యం పాటను పలకాలని ఆయన ఆశయం. కీర్తన వాయించేటప్పుడు సాహిత్యంలో పదం ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ కలుస్తుందో తెలిసి కమాను మళ్లించేవారు. కమాను మలుపులో మాట తునిగిపోతే అది సంగీతం కాదని ఆ బాణి నేర్పుతుంది. అందుచేతనే ఆయన వాద్యం వింటున్నవారికి త్యాగరాజస్వామి కృతి మాటలతో సహా వినబడినట్లు తోచేది. వేగం చూపి చప్పట్లు కొట్టించుకొనడం వాద్యకారునికి సులభం. విలంబంలో నాదాన్ని నిలిపి శ్రోతను మౌనంగా ఉంచడం దుర్లభం. ఆయన కష్టమైన దానినే కోరుకున్నారు.

1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారు కళాశాల అధ్యక్షులయ్యారు. దాసుగారు బహుభాషా పండితులు, సభను ఉర్రూతలూగించే వక్త. నాయుడుగారు మితభాషి. కాని కళాశాల కీర్తి తగ్గలేదు. గురుకులంలో శిష్యుడు ఒక్కని చుట్టూ తిరిగే విద్యను తరగతి గదిలోకి తేవడం సామాన్యమైన పని కాదు. పాఠప్రణాళిక, పరీక్ష, పట్టా, ఇవన్నీ ఉంటూనే, శిష్యుని చెవిని మలచే పాత పద్ధతి చెడిపోకుండా చూడవలె. విజయనగరం ఆ సమన్వయానికి తెలుగునాట దారి చూపినది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు అక్కడ పట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షణలో శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. పి. సుశీలగారు అక్కడే చదువుకున్నారు. నేదునూరి కృష్ణమూర్తిగారు ఆ కళాశాలలో ద్వారం నరసింగరావు నాయుడుగారివద్ద విద్య నేర్చి, తరువాతి కాలంలో సంగీత కళానిధి అయ్యారు. తెలుగు ఇళ్లలో దశాబ్దాలపాటు మారుమ్రోగిన కంఠాలలో కొన్ని ఆ గదులలోనే సరళి స్వరాలు దిద్దుకున్నాయంటే ఒక చిన్న పట్టణపు విద్యాలయం చేసిన సేవ ఎంతటిదో గ్రహించవచ్చు.

అధ్యక్షపదవి చేపట్టిన రెండేళ్లకు, 1938లో, వేలూరులో నాయుడుగారు ఫిడేలును ప్రధానవాద్యంగా చేసుకొని కచేరీ చేశారు. గాయకుడు లేని వేదికమీద ఫిడేలు నడుమ కూర్చున్నది. మృదంగం దానికి తోడైనది. నేడిది మనకు వింతగా తోచదు. కాని ఆ నాటికి అదొక సాహసం. ముందు నడిచేవాడు లేనప్పుడు ఫిడేలు ఎవరి నీడ? ఈ ప్రశ్నకు ఆయన కమానుతో జవాబు చెప్పారు. కచేరీ నిండుగా సాగడానికి కావలసిన రాగవిస్తారం, తానం, కృతి, స్వరకల్పన అన్నీ ఆ నాలుగు తంత్రులలోనే ఉన్నాయని రుజువైనది. అయినా ఆయన పక్కవాద్యాన్ని చిన్నచూపు చూడలేదు. గాయకుల పక్కన కూర్చున్ననాడు అదే అణకువతో, అదే శ్రద్ధతో అనుసరించేవారు. తన వాద్యానికి గౌరవం కోరినవాడు ఇతరుల గానానికి గౌరవం తగ్గించలేదు.

సన్మానాలు తమంతట తామే వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. జనం మాత్రం ఆయనను ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు. వాద్యం పేరు మనిషి ఇంటిపేరైనదంటే అంతకు మించిన బిరుదం లేదు.

1952లో విశ్వవిఖ్యాత పాశ్చాత్య వైలినిస్టు యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడైనాడు. రాజమన్నారుగారు తెలుగు నాటక రచయితగా మనకు సుపరిచితులు. ఆ సమావేశంలో ఒక విశేషం కలదు. శతాబ్దంన్నర క్రిందట పాశ్చాత్యుల ఓడలలో వచ్చిన వాద్యం మన దేశంలో ఏమేమి నేర్చుకున్నదో, ఆ వాద్యానికి పుట్టింటివాడైన మహావిద్వాంసుడు చెవులారా విన్నాడు. ఆడపిల్లను అత్తవారింట ఎట్లా చూసుకున్నారో తెలుసుకొనడానికి వచ్చిన పుట్టింటివాని తృప్తి వంటిది అది.

1964వ సంవత్సరం నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించారు. కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు తండ్రి విద్యను కొనసాగించారు. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ ఆయన స్మృతిచిహ్నంగా బిళ్ల వెలువరించినది. ఆయన పాఠం చెప్పిన కళాశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా విజయనగరంలో నేటికీ నడుస్తున్నది. 2019లో దానికి నూరేళ్లు నిండాయి. ఆయన వాద్యంలో కొంతభాగం గ్రామఫోను రికార్డులకెక్కి నిలిచినది. ఆ పాత రికార్డుల గరగరల వెనుకనుంచి కూడ ఆ కమాను నిలకడ ఈనాటి శ్రోతకు తెలుస్తుంది.

నాయుడుగారి జీవితంలో ఆశ్చర్యపరచే మలుపులు తక్కువ. రోజూ అదే ఊరు, అదే గది, అవే నాలుగు తంత్రులు. కాని చూపు చాలక చదువు మానిన బాలుడు వందలమందికి గురువైనాడు. పక్కన కూర్చుండవలసిన వాద్యం వేదిక నడుమకు వచ్చినది. ఒక మారుమూల పట్టణం సంగీతలోకానికి చిరునామా అయినది. ఈ మూడూ ఒక్కనాడు జరిగినవి కావు. ప్రతి ఉదయం కమానుకు గుగ్గిలం రాచి, శ్రుతి సరిచూసుకొని, నిన్న పలికిన స్వరాన్నే మరికొంత శుద్ధంగా పలికించాలనుకొనే మనిషివల్ల జరిగినవి. తరగతిలో వెనుక వరుసన, బోర్డు కనబడక తలవంచుకు కూర్చున్న పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. వాని చేతికి ఏ వాద్యం అందించవలెనో ఆలోచించడం ఉపాధ్యాయుని పని. అందిన వాద్యాన్ని విడువకపోవడం ఆ పిల్లవాని పని.