తెల్లవారుజామున వెలిగిన దీపం

వేసవి సెలవులు ముగిసి జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆ రోజు ఉదయం రావులపాలెంలో మన ఇళ్ళు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు. అరటి మార్కెట్టులో పని ఉన్న తండ్రి చీకటితోనే వెళ్ళిపోయి ఉంటాడు. సెలవులంతా అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను చూసి, పొద్దెక్కాక లేచిన పిల్లవాణ్ణి ఫజ్ర్‌కు లేపాలని తల్లి కేకలు వేస్తూ ఉంటుంది. వాడు లేవడు. ఇటువంటి ఇళ్ళ కోసమే మేము ఈసారి ఒక మహనీయుని బాల్యాన్ని ఎంచుకున్నాం.

ఆయన స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ (రహ్మలై). 1888లో పవిత్ర మక్కాలో జన్మించారు, కలకత్తాలో పెరిగారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారు పేరున్న పండితులు, ఎందరో మురీదులు గల పీర్. కొడుకును ఏ బడికీ పంపక ఇంటివద్దనే చదివించారు. కనుక ఆ పిల్లవాణ్ణి తొందరపెట్టే బడి గంట లేదు, బస్సు లేదు.

అయితే ఆ ఇంట్లో తండ్రి రాత్రి పెందలాడే పడుకొని చివరి జామున లేచేవారు. వృద్ధాప్యంలోనూ, జబ్బు చేసినప్పుడూ ఈ అలవాటు తప్పలేదు. తాము ఢిల్లీలో చదువుకునే రోజుల్లో ముఫ్తీ సద్రుద్దీన్ గారివద్ద ఫజ్ర్ సున్నతులకూ ఫర్జ్‌కూ మధ్య ఉండే ఆ కాస్త వ్యవధిలో పాఠం చెప్పించుకున్న సంగతి పిల్లలకు గర్వంగా చెప్పేవారు. ఆ మాటలు పది పదకొండేళ్ళ అబుల్ కలాం మనసులో నాటుకున్నాయి. నిద్ర ముంచుకొస్తున్నా దానితో పోరాడి, చీకట్లోనే లేచి, దీపం వెలిగించుకొని పాఠం వల్లె వేసేవాడు. తెల్లవారుజామున మెలకువ వస్తే నన్నూ లేపండని అక్కలను బతిమాలేవాడు. ఇదేం కొత్త అల్లరి అని వాళ్ళు నవ్వేవారు. ఆలస్యంగా లేచిన రోజున సాయంత్రం దాకా చిన్నబోయి ఉండేవాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ తండ్రి కొడుకును లేపలేదు. పైగా ఆరోగ్యం చెడుతుందని వారించారు! మన ఇళ్ళలో మరచిపోయేది ఇదే. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి పదకొండింటికి పడుకున్న పసివాణ్ణి అయిదింటికి లేపితే వాడు తరగతిలో కునుకుతాడు, ఇంట్లో చిరాకుపడతాడు, చివరికి ఫజ్ర్ అంటేనే భయపడతాడు. కనుక లేచే వేళకన్నా ముందు పడుకునే వేళను సరిచేయాలి. బడి తెరవడానికి పది పదిహేను రోజుల ముందునుంచే రోజూ ఓ పావుగంట ముందుకు జరుపుతూ పోవాలి. ఇషా తర్వాత ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదు, తండ్రి చేతిలో కూడా. పుస్తకాల సంచీ, యూనిఫారం రాత్రే సర్దిపెట్టుకోవాలి. మన తండ్రులూ పెందలాడే లేచేవారే, కాని పిల్లవాడు చూడకముందే గడప దాటిపోతారు. వారానికి ఒక్కరోజైనా వాడి చేయి పట్టుకొని మస్జిదుకు తీసుకువెళ్ళి, ఆ తర్వాతే మార్కెట్టుకు వెళ్ళలేరా?

సాధారణంగా ఇరవై, పాతికేళ్ళకు ముగిసే చదువును ఆజాద్ గారు పదహారేళ్ళకే పూర్తిచేశారు. 1912లో 'అల్ హిలాల్' పత్రిక ప్రారంభించారు, స్వాతంత్ర్య పోరాటంలో ఏళ్ళ తరబడి జైళ్ళలో గడిపారు. ఖరగ్‌పూర్ ఐఐటీ 1951లో, యూజీసీ 1953లో ఆయన మంత్రిగా ఉండగా ఏర్పడ్డాయి. 1958 ఫిబ్రవరి 22న పరమపదించారు. ఆయన పుట్టినరోజైన నవంబర్ 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా పాటిస్తున్నారు.

చిన్ననాటి ఆ అలవాటు మాత్రం ఆయనను విడువలేదు. 1942 ఆగస్టులో బ్రిటిష్‌వారు అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించినప్పుడు మూడు, నాలుగు గంటల మధ్య లేచి, చైనా మల్లె తేనీరు స్వయంగా కాచుకొని, మిత్రునికి ఉత్తరాలు రాసేవారు. అందులో పాలు పోయరు. మన గోదావరివాళ్ళు దాన్ని టీ అని ఒప్పుకోరేమో! పంపే వీలులేని ఆ ఉత్తరాలే 1946లో 'గుబారె ఖాతిర్' పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి.

1943 ఏప్రిల్ 9న భార్య జులైఖా బేగం కలకత్తాలో కన్నుమూశారు. ఆమె జబ్బు సంగతి తెలిసిన నాటినుంచీ ఆయన లోలోపల నలిగిపోయారు. కాని ప్రభుత్వాన్ని ఏమీ అడగలేదు. భోజనాల గదికి వేళ తప్పకుండా వచ్చి కూర్చునేవారు. ఆ నిబ్బరంలో కొంత పైకి కనబరచుకున్నదే అని ఆ ఉత్తరాల్లోనే ఒప్పుకున్నారు.