బిషప్ పెర్సీ: లేఖలు, గాథాసంకలనము

18వ శతాబ్దమున ఇంగ్లండు గ్రామసీమలలోని క్రైస్తవ మతాచార్యులలో విద్వాంసులు పలువురుండిరి. లండను పుస్తకశాలలకును, విశ్వవిద్యాలయ గ్రంథాలయములకును దూరముగా నుండిన వీరికి ఉత్తరమే విద్వత్సభ. కొత్తగా వెలువడిన గ్రంథము, దొరకిన వ్రాతప్రతి, సందేహాస్పదమైన పాఠము, ఇవి యన్నియు తపాలా మూలముననే ఒకరినుండి యొకరికి తెలియుచుండెను. ఇట్టి లేఖలనుండి ఒక మహాసంకలన మెట్లు రూపొందెనో థామస్ పెర్సీ చరిత్ర తెలుపుచున్నది.

పెర్సీ 1729లో ష్రాప్‌షైరునందలి బ్రిడ్జ్‌నార్తులో ఒక కిరాణా వర్తకుని కుమారుడుగా జన్మించెను. ఆక్స్‌ఫర్డు క్రైస్ట్ చర్చి కళాశాలలో విద్య ముగించి, 1753లో నార్తాంప్టన్‌షైరులోని ఈస్టన్ మాడిట్ అను చిన్న గ్రామమునకు వికారుగా నియుక్తుడయ్యెను. ఆతని సాహిత్యకృషిలో ముఖ్యభాగ మంతయు అచ్చటనే సాగెను.

షిఫ్నల్ పట్టణమున హంఫ్రీ పిట్ అను మిత్రుని యింట పనికత్తెలు నిప్పు రాజేయుటకు చించి వాడుచుండిన పాత వ్రాతపుస్తక మొకటి పెర్సీ కంటబడెను. ఆతడు దానిని అడిగి తెచ్చుకొనెను. అది 17వ శతాబ్ది మధ్యభాగమున వ్రాయబడిన కథాగేయముల సంపుటము. అప్పటికే కొన్ని పుటలు సగము చిరిగిపోయియుండెను. తరువాత జిల్దు కట్టినవాడు అంచులు కత్తిరించుటచే మరికొన్ని పంక్తులు నశించెను.

ఆ శిథిలప్రతిని ఆధారముగా గొని పెర్సీ నలుదిక్కులకు లేఖలు వ్రాసెను. ఆక్స్‌ఫర్డున థామస్ వార్టన్, కేంబ్రిడ్జిలో రిచర్డ్ ఫార్మర్ ఆతనికి గ్రంథసహాయ మొనర్చిరి. ఈ యిరువురును మతాచార్యులే. స్కాట్లండునుండి న్యాయాధీశుడగు లార్డ్ హెయిల్స్ అచ్చటి గాథలను పంపెను. వేల్సు దేశపు పేద సహాయగురువు ఈవన్ ఈవాన్స్‌తో 1761లో ఉత్తరప్రత్యుత్తరము లారంభమయ్యెను. మెక్‌ఫర్సన్ ప్రకటించిన ఆసియన్ కావ్యముల ప్రామాణ్యమును గూర్చి వీరు చర్చించుకొనిరి. పెర్సీ ప్రోత్సాహము పొందిన ఈవాన్స్ 1764లో ప్రాచీన వేల్సు కవుల రచనలను ప్రకటించెను.

కవియగు విలియం షెన్‌స్టన్ సలహా మాత్రము వేరు విధమైనది. మోటుదనమును తొలగించి, నాటి నాగరికుల యభిరుచి కనుకూలముగా గాథలను సంస్కరింపవలెనని ఆతని మతము. షెన్‌స్టన్ 1763లో మరణించినను, ఆ సలహా గ్రంథమున నిలిచెను. 1765లో మూడు సంపుటములుగా వెలువడిన 'ప్రాచీన ఆంగ్లకవితా శేషములు'లో పెర్సీ ఖండితభాగములను స్వయముగా పూరించెను. కొన్ని గాథలను విశేషముగా పెంచెను. తన చేర్పులను స్పష్టముగా వేరుపరుపలేదు.

విమర్శకుడగు జోసెఫ్ రిట్సన్ ఈ పద్ధతిని తీవ్రముగా ఖండించి, మూలప్రతి యున్నదా యని సైతము శంకించెను. పెర్సీ 1778లో కార్లైలు డీనుగను, 1782లో ఐర్లండునందు డ్రొమోరు బిషప్పుగను పదవులందెను. కడపట చూపు కోల్పోయి 1811లో మరణించెను. హేల్స్, ఫర్నివాల్ అను పండితులు 1867-68లో మూలప్రతిని ముద్రించిన పిదపగాని లోకమునకు నిజము తెలియలేదు. ప్రతి యున్నమాట సత్యము. అందు లేని పంక్తులు సంకలనమున ననేకము లున్నమాటయు సత్యమే.

అయినను ఆ గ్రంథమే స్కాట్, వర్డ్స్‌వర్త్ వంటి కవులకు ప్రేరణమయ్యెను. జర్మనీలో హెర్డర్, బ్యుర్గర్ దాని నాదరించిరి. 1944 మొదలు అమెరికాలో సంపుటములుగా ప్రకటితములైన పెర్సీ లేఖలు ఆతని దోషమును కప్పిపుచ్చవు, కాని దాని కారణమును విశదము చేయును. ఇతరుల కావ్యముల ప్రామాణ్యమును శంకించిన పండితుడును, పాఠకుల మెప్పును కోరిన సంపాదకుడును ఒక్కనియందే యుండిరి. ప్రతిని అగ్నినుండి కాపాడుట యొక ధర్మము. దాని పాఠమును తన లేఖినినుండి కాపాడుట వేరొక ధర్మము. పెర్సీ మొదటిదానిని సంపూర్ణముగ నెరవేర్చెను. రెండవదానిని నెరవేర్చుటకు ఆతని తరువాతి తరములవారు పూనుకొనవలసివచ్చెను.